తెర లేని నాటకం: హాండెల్‌ను కచేరీలో వినడం గురించి

బరోక్ ఒపేరాలంటే, అంటే పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల యూరప్ సంగీత నాటకాలంటే, నాకు ప్రాణమని తెలిసినవాళ్ళు మొదట అడిగేది, "ఏయే థియేటర్లలో చూశావు?" అని. నేను చూసినవి తక్కువ, విన్నవి ఎక్కువ. రికార్డింగుల సంగతి కాదు నేను చెప్పేది. ఎదురుగా వేదిక మీద వాద్యబృందం కూర్చుని ఉంటుంది. గాయకులు మామూలు కచేరీ బట్టల్లో వచ్చి వాళ్ళ ముందు నిలబడతారు. కిరీటాలుండవు, కత్తులుండవు, తెరలు లేవవు. మూడు గంటల పైచిలుకు ఒపేరాని మొదటినుంచి చివరిదాకా అలాగే పాడతారు.

ఒపేరా అభిమానుల్లో చాలామందికి ఈ పద్ధతి అంటే చిన్నచూపు. నాటకం వేసే స్తోమత లేక పాటలతో సరిపెడుతున్నారని వాళ్ళ అభిప్రాయం. గాయకులు చేతిలో స్వరపుస్తకం పట్టుకుని నిలబడితే అందులో నాటకం ఏముంటుందని అడుగుతారు. నేను లండన్‌లో స్థిరపడ్డాక ఈ సంగీతం నాకు పరిచయమైంది. అప్పటినుంచి రెండు రకాల ప్రదర్శనలూ వింటూ, చూస్తూ వస్తున్నాను. ఏటేటా నాకు బలపడుతున్న నమ్మకం ఒకటే: పద్దెనిమిదో శతాబ్దపు లండన్ స్వరకర్త హాండెల్ కాలపు ఒపేరాల్లో, ఒరటోరియోల్లో (ఎక్కువగా బైబిలు కథలతో, ఒపేరాలాగే పాటలుగా కట్టినవి) నాటకమంతా స్వరంలోనే కట్టి ఉంది. దానికీ వినేవాడికీ మధ్య ఏదీ అడ్డం రాని చోటు కచేరీ వేదిక.

ఈ వాదానికి హాండెల్ జీవితమే నాకు మొదటి ఆధారం. 1732 ఫిబ్రవరిలో లండన్‌లో క్రౌన్ అండ్ యాంకర్ అనే టావర్న్‌లో, రాజాస్థాన ప్రార్థనామందిరం బాలగాయకులు హాండెల్ ఒరటోరియో 'ఎస్తేరు'ను వేషాలు వేసుకుని, అభినయించి పాడారు. బర్నాడ్ గేట్స్ వాళ్ళ గురువు. హాండెల్ శిష్యురాలైన యువరాణి యాన్, దాన్ని హేమార్కెట్‌లోని కింగ్స్ అనే ఒపేరా థియేటర్‌లో చూడాలనుకున్నది. లండన్ బిషప్ ఎడ్మండ్ గిబ్సన్ ఒప్పుకోలేదు. పవిత్ర కథను నాటకశాలలో ఆడటం కుదరదన్నాడు. పిల్లలు చేతిలో పుస్తకాలు పట్టుకుని పాడినా సరే వీల్లేదన్నాడని ఆ శతాబ్దంలోనే సంగీత చరిత్ర రాసిన చార్లెస్ బర్నీ నమోదు చేశాడు. హాండెల్ ఆ పిల్లల్ని వదిలేసి తన ఒపేరా గాయకులతోనే మే 2న కింగ్స్ థియేటర్‌లో ఎస్తేరు పెట్టాడు. పత్రికలో ప్రకటన ఇలా వచ్చింది: వేదిక మీద అభినయం ఏదీ ఉండదు, ప్రేక్షకుల కోసం హాలును మర్యాదగా అలంకరిస్తాము.

అభినయం ఉండదని ముందుగానే చెప్పి టికెట్లు అమ్మారు. జనం విరగబడి వచ్చారు. ఆ నెలలోనే ఆరుసార్లు జరిగింది.

ఇప్పుడు వినిపించే ఫిర్యాదు కూడా ఆ ఏడాదే పుట్టింది. పేరు లేని ఒక కరపత్ర రచయిత ఆ ఎస్తేరుకి వెళ్ళొచ్చి, ఊరంతా వెర్రెత్తినట్టు వెళ్తున్నారు కదా అని నేనూ వెళ్తే అది ఉత్త కచేరీయే, దృశ్యాలు లేవు, వేషాలు లేవు, అభినయం లేదు, నాటకానికి ఇవన్నీ అవసరం కదా అని రాశాడు. హాండెల్ ఒక ఎత్తయిన పీఠం మీద కూర్చున్నాడట. గాయకులు సెనెసీనో, స్ట్రాడా, బెర్తోలీ తమ సొంత బట్టల్లో పక్కన కూర్చున్నారట. ఇటలీ గాయకుల ఇంగ్లీషు ఉచ్చారణ వింటే వెల్ష్ భాష అనుకుంటారట. దాదాపు మూడు వందల ఏళ్ళ కిందటి మాటలివి. నిన్న రాత్రి లండన్ బార్బికన్ కచేరీ హాలు మెట్లు దిగుతూ ఎవరో అన్నట్టే ఉన్నాయి.

బిషప్ నిషేధం వల్ల వచ్చిపడ్డ పరిమితిని హాండెల్ ఇరవయ్యేళ్ళు ఎలా వాడుకున్నాడన్నది నాకు అంతకన్నా ముఖ్యం. 1741లో 'దెయిదామియా' తర్వాత ఆయన ఇటాలియన్ ఒపేరా రాయడం మానేశాడు. ఆ తర్వాత రాసిన సంసోను, సెమెలె, హెర్క్యులిస్, బెల్షస్సరు, థియొడోరా, యెఫ్తా అన్నీ కదలికలేని వేదిక కోసం రాసినవే. వాటిలో ఉన్నంత ఉద్వేగం, అంతటి మనస్తత్వ చిత్రణ ఆయన ఒపేరాల్లో కూడా కొన్నిచోట్లే కనిపిస్తుంది. రంగస్థలం పోయిన లోటును సంగీతంతో పూడుస్తూ పోయాడు. పూడ్చగా పూడ్చగా ఇక రంగస్థలం రావడానికి చోటు మిగల్లేదు.

బెల్షస్సరు చూడండి. 1745లో వచ్చింది. సాహిత్యం చార్లెస్ జెనెన్స్‌ది, మెస్సయాకి పాఠం కూర్చినాయనే. ఆ రోజుల్లో హాల్లో పాటల పుస్తకం అమ్మేవాళ్ళు, వెల ఒక షిల్లింగు. దీపాలు ఆర్పే అలవాటు లేదు, కాబట్టి పాట సాగుతుంటే జనం పుస్తకంలో చదువుకుంటూ వినేవాళ్ళు. ఎవరూ అభినయించని ఆ ఒరటోరియో పుస్తకంలో జెనెన్స్ పూర్తి రంగసూచనలు రాశాడు. రాజు విందులో పాత్ర ఎత్తి తాగబోతుండగా గోడ మీద ఒక చెయ్యి రాస్తూ కనిపిస్తుంది. అతను దాన్ని చూసి భయంతో పాలిపోయి, మద్యపాత్ర జారవిడిచి, ఆసనంలో వెనక్కి పడి, తలనుంచి పాదాల దాకా వణుకుతాడు, మోకాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. ఇదంతా అచ్చులో ఉంది. వేదిక మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు, అంతే.

అక్కడ హాండెల్ ఏం చేశాడు? మిగతా వాద్యాలన్నీ ఆపేశాడు. వయొలిన్లు మాత్రం ఒంటిగా, కింద ఏ ఆధారం లేకుండా, తెగినట్టుండే పొట్టి స్వరాలతో మెట్టు మెట్టుగా పైకి పాకుతాయి. చెయ్యి రాస్తున్నది చెవికి తెలుస్తుంది. ఇదే దృశ్యాన్ని రంగస్థలం మీద చూపించాలంటే గోడ మీద వెలుతురు వెయ్యాలి, అక్షరాలు కనిపించాలి. కనిపించిన మరుక్షణం ప్రేక్షకుడి కళ్ళు అక్షరాలకు అతుక్కుంటాయి, వయొలిన్లు ఆ వెలుతురుకు నేపథ్య సంగీతమై కూర్చుంటాయి. కచేరీలో మాత్రం వాటి వెనక ఇంకేమీ లేదు. ఆ స్వరాలే చెయ్యి. నేను మొదటిసారి ఇది ఎదురుగా విన్నప్పుడు హాల్లో ఒక్కరూ దగ్గలేదు.

ఇప్పుడు ఆరియాల దగ్గరికి వస్తాను. వాదన అంతా తేలేది అక్కడే.

బరోక్ ఒపేరాలో కథ నడిపేది రెసిటటివ్. హార్ప్సికార్డ్ (పియానోకు ముందటి కీబోర్డు వాద్యం), చెల్లో, థియోర్బో (పొడుగు మెడ తీగవాద్యం) తోడుతో మాటకీ పాటకీ మధ్యగా సాగుతుంది. కథ ఆగి, పాత్ర మనసు విప్పేది ఆరియా. ఎక్కువ ఆరియాలకు ఒకే కట్టుబాటు: మొదటి భాగం, దానికి భిన్నమైన రెండో భాగం, మళ్ళీ మొదటి భాగం. రెండోసారి వచ్చినప్పుడు గాయకులు తమ సొంత అలంకారాలు చేరుస్తారు. ఒక ఆరియా ఎనిమిది, పది నిమిషాలు సాగొచ్చు. సాహిత్యం నాలుగైదు పంక్తులకు మించదు.

ఇదే రంగస్థల దర్శకులకు పెద్ద చిక్కు. పది నిమిషాలు ఒకే మాట తిప్పి తిప్పి పాడే మనిషిని ఏం చెయ్యాలి? ఊరికే నిలబెడితే జనానికి విసుగొస్తుందని భయం. అందుకని పని కల్పిస్తారు. పెట్టె సర్దిస్తారు, బట్టలు మార్పిస్తారు, వెనక నలుగురు సైనికుల చేత వ్యాయామం చేయిస్తారు. ఒక పేరున్న థియేటర్లో నేను చూసిన ప్రదర్శనలో, కథానాయిక ప్రాణం పోయేంత దుఃఖంలో పాడుతుంటే వెనక ఇద్దరు సేవకులు భోజనాల బల్ల సర్దుతున్నారు. పళ్ళేలు ఎన్ని పెట్టారో ఇప్పటికీ చెప్పగలను. ఆమె మళ్ళీ మొదటి భాగానికి వచ్చినప్పుడు ఏం మార్చి పాడిందో చెప్పలేను. నాకు బాధ కలిగించేది ఇదే. తిరిగి వచ్చే ఆ మొదటి భాగంలోనే నాటకం ఉంది. రెండో భాగంలో పాత్ర ఏదో తెలుసుకుంది, లేదా ఏదో పోగొట్టుకుంది. ఆ తర్వాత పాత మాటనే పలికితే అది పాత మాట కాదు. ఆ తేడా అంతా గాయకుల గొంతులో, ఊపిరిలో, చేర్చిన గమకంలో, వదిలేసిన ఒక్క స్వరంలో ఉంటుంది. దాన్ని వినడానికి శ్రోతకు ఖాళీ కావాలి.

తెలుగువాళ్ళకు ఇది అర్థం కాని సంగతేమీ కాదు. క్షేత్రయ్య పదం అభినయానికి సరిగ్గా అమరే రచన. బాలసరస్వతి ఆ పదాలు పాడుతూ అభినయించగా చూసినవాళ్ళు జన్మంతా తలుచుకున్నారు. కానీ బాలసరస్వతి పుట్టిన వీణ ధనమ్మాళ్ ఇంట్లోనే, ధనమ్మాళ్ మనవరాళ్ళే అయిన బృంద, ముక్త, కచేరీలో కదలకుండా కూర్చుని అవే పదాలు పాడేవాళ్ళు. చౌకకాలంలో ఒకే పంక్తిని సంగతి మీద సంగతి వేస్తూ పాడుతుంటే, మువ్వగోపాలుడి మీద ఆ నాయిక కోపం ఎక్కడ బెట్టుగా మారిందో, బెట్టు ఎక్కడ కరిగిందో వినేవాళ్ళకు తెలిసేది. పదానికి అభినయం లోటయిందని ఎవరూ అనలేదు. రెండూ పూర్తి కళలే. ఆ ఇంటి సంగీతం విన్న చెవికి హాండెల్ ఆరియాలో తిరిగి వచ్చే భాగం ఎందుకుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

'అరియొదాంతే' 1735లో కోవెంట్ గార్డెన్‌లో వచ్చింది. అందులో నాయకుడు తన ప్రియురాలు జినెవ్రా మోసం చేసిందని నమ్మి పాడే 'స్కెర్జా ఇన్ఫిదా' ఉంది. నిజానికి అతను చూసింది ఆమె బట్టలు కట్టుకున్న చెలికత్తెను. తీగవాద్యాలకు మ్యూట్లు పెట్టి గొంతు నొక్కుతారు, కింది వాద్యాలు తీగలు మీటుతాయి, వాటి మధ్యనుంచి బసూన్ అనే మంద్రస్వరపు ఊదువాద్యం ఒక్కటే నెమ్మదిగా సాగుతుంది. రంగస్థలం మీద ఈ ఘట్టం చూస్తుంటే మనం అతని బయట ఉంటాం. పిచ్చివాడా, అది ఆమె కాదు అని మనసులో అనుకుంటూ చూస్తాం. కచేరీలో విన్నప్పుడు అతని లోపల ఉంటాం. అతను నమ్మినదే మన చెవులకూ నిజమవుతుంది. పొరపాటని తెలిసి కూడా బాధపడతాం. హాండెల్ రాసింది ఈ రెండో అనుభవం కోసమని నా నమ్మకం, ఎందుకంటే ఆ సంగీతంలో పొరపాటన్న సూచన ఎక్కడా లేదు.

ఇంకో రకం నాటకం కూడా ఉంది: కట్టుబాటునే తెంచడం. 1739 నాటి 'సౌలు'లో రాజు దావీదు మీద అసూయతో రగిలిపోతూ ఒక ఆరియా ఎత్తుకుంటాడు. మొదటి భాగం అయింది, రెండో భాగం మొదలైంది. ఇక మొదటిది తిరిగి రావాలి. రాదు. రెండో భాగం మధ్యలోనే సౌలు ఈటె విసురుతాడు. తీగవాద్యాలన్నీ ఒక్క పరుగున పైనుంచి కిందికి దూకుతాయి, ఆరియా అక్కడే తెగిపోతుంది. అంతసేపు ఆ కట్టుబాటుకు అలవాటుపడ్డ శ్రోతకు కాలి కింద మెట్టు లేనట్టవుతుంది. పాట పూర్తిచేసే నిగ్రహం కూడా ఈ మనిషికి మిగల్లేదని సంగీతమే చెప్పింది. ఈటెను చూపించే దర్శకుడు ఈటెనే చూపిస్తాడు. తెగిన పాటను మాత్రం చెవి ఒక్కటే పట్టుకోగలదు.

కచేరీ అంటే కళ్ళు మూసుకుని వినడం అనుకునేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. కచేరీలో చూడ్డానికి చాలా ఉంది, థియేటర్లో కనిపించనిది. ఒపేరా హౌస్‌లో వాద్యకారులు వేదిక ముందు గోతిలో ఉంటారు. కచేరీలో వాళ్ళు కూడా పాత్రలే. 1724 నాటి 'జూలియస్ సీజర్'లో సీజరు, ఈజిప్టు రాజు టోలెమీ ఒకరినొకరు అనుమానంగా చూసుకునే ఘట్టం ఉంది. వేటగాడు చప్పుడు చెయ్యకుండా పొంచి నడుస్తాడని సీజరు పాడతాడు. ఆ ఆరియాలో గొంతుకు జోడీ హార్న్ అనే ఇత్తడి వాద్యం. మీటలు లేని ఆ కాలపు హార్న్‌లో ప్రతి స్వరమూ పెదవులతో, ఊపిరితో వెతికి పట్టుకోవాల్సిందే. కచేరీలో చాలాసార్లు హార్న్ వాయించే మనిషి లేచి వచ్చి గాయకుల పక్కన నిలబడతారు. ఇద్దరూ ఒకరి వాక్యాన్ని ఒకరు అందుకుంటూ, చివరి అలంకారం దగ్గర ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకుంటూ ఊపిరి కలుపుతారు. వేటగాడూ వేటా ఇద్దరూ కళ్ళముందే ఉన్నారు. దీనికి మించిన అభినయం నాకు అక్కర్లేదు.

అదే ఒపేరాలో క్లియొపాత్రా మారువేషంలో సీజరును వలలో వేసుకునే పాట ఉంది. హార్ప్, థియోర్బో, వియోలా ద గాంబా లాంటి వాద్యాలతో ఒక చిన్న బృందాన్ని వేదిక మీదే కూర్చోబెట్టాలని హాండెల్ రాసుకున్నాడు. ఆమె మొదటి రెండు భాగాలు పాడగానే సీజరు తట్టుకోలేక నడుమ కలగజేసుకుని, దేవలోకంలో కూడా ఇంత మధురగానం లేదంటాడు. అప్పుడుగాని మొదటి భాగం తిరిగి రాదు. అంటే సీజరు ఆ పాటను మనలాగే కూర్చుని వింటున్నాడు. ఒపేరా లోపలే ఒక కచేరీ జరుగుతోంది.

ఎదుటి పక్షం వాదనలో బలం ఉంది, దాన్ని దాటవేయను. హాండెల్ ఒపేరాలు మొదట పుట్టింది ఆర్భాటమైన రంగస్థలం మీదే. 1711లో 'రినాల్దో'కు మంటలు, యంత్రాలు, తోట దృశ్యంలో వదిలిపెట్టిన నిజమైన పిచ్చుకలు ఉన్నాయి. 'అరియొదాంతే', 'అల్చీనా'లలో మరీ సాల్లే అనే ఫ్రెంచి నర్తకి బృందం నాట్యం చేసింది. ఆ హంగులన్నీ రచయితే కోరుకున్నాడు కదా, వాటిని తీసేసి ఇదే అసలు రూపమంటే ఎలా అని అడుగుతారు. నేను అసలు రూపమని అనడం లేదు. ఆ రంగస్థలం మనకు ఇప్పుడు దాదాపు లేదు. దాని స్థానంలో వచ్చినది మన కాలపు దర్శకుల ఊహ. ఒక కచేరీనీ ఒక దర్శకుడి ఊహనీ పక్కపక్కన పెట్టి తూచాల్సి వస్తే, నాకు ఎక్కువసార్లు కచేరీ వైపే మొగ్గు.

ప్రతిసారీ మాత్రం కాదు. ఫ్రెంచి ఒపేరా దగ్గర నా వాదం నీరసిస్తుంది. రామో రాసినదాంట్లో నాట్యం అలంకారం కాదు, కథకు ఎముక. ఆయన 'లే బోరేయాద్' ఆయన బతికుండగా ప్రదర్శనకు నోచుకోలేదు. లండన్‌లో జాన్ ఎలియట్ గార్డినర్ 1975లో దాన్ని కచేరీగా వినిపించాడు, 1982లో ఎక్సాంప్రొవాన్స్‌లో రంగస్థలం ఎక్కించాడు. కచేరీయే దాన్ని బతికించి తెచ్చిందని నాకు కృతజ్ఞత ఉంది, అయినా రామో నృత్యాలు కూర్చున్న మనుషులకు వినిపిస్తుంటే కాళ్ళకు అన్యాయం జరుగుతున్నట్టే ఉంటుంది. హాస్యం కూడా అంతే. హాండెల్ 'సెర్సే'లో ఉత్తరాలు చేతులు మారడం, వేషం మార్చుకున్న సేవకుడు పూలమ్మడం లాంటివి కంటితో చూస్తేనే నవ్వొస్తుంది.

ఒరటోరియోను రంగస్థలం మీద పెట్టి గెలిచినవాళ్ళూ ఉన్నారు. 1996లో ఇంగ్లండ్‌లోని గ్లైండ్‌బోర్న్ ఒపేరా ఉత్సవంలో దర్శకుడు పీటర్ సెల్లర్స్ చేసిన 'థియొడోరా' రికార్డింగు చూసి నేను చాలాసేపు లేవలేకపోయాను. అంతియొకయలోని క్రైస్తవ కన్య కథను ఆయన ఇప్పటి అమెరికాకు తెచ్చి, చివర్లో ఆమెనూ, ఆమెను ప్రేమించిన రోమన్ సైనికుణ్ణీ విషపు ఇంజెక్షన్‌తో చంపే మరణశిక్షగా చూపించాడు. అయితే అది ఎందుకు నిలిచిందో గమనించాను. లొరేన్ హంట్ పాడుతున్నప్పుడు సెల్లర్స్ ఆమెకు పని కల్పించలేదు. బృందగాయకులకు కొన్ని చేతి ముద్రలు ఇచ్చి మిగతాది సంగీతానికి వదిలేశాడు. అంత గొప్ప రంగస్థల ప్రదర్శన కచేరీకి దగ్గరగా వచ్చే గెలిచింది.

అదే థియొడోరా 1750లో మూడుసార్లే జరిగింది. ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో లండన్‌లో భూకంపాలు వచ్చి డబ్బున్నవాళ్ళు ఊరు విడిచి వెళ్ళారు. హాండెల్‌కు మాత్రం అది ప్రాణప్రదం. మెస్సయాలోని హల్లెలూయా మీ రచనల్లో గొప్పదా అని అడిగితే, కాదు, థియొడోరాలో రెండో అంకం చివరి కోరస్ దానికన్నా చాలా పైన ఉంటుందని అన్నాడట. ఆ మాట చెప్పింది పాఠం రాసిన థామస్ మోరెల్. నాయీను విధవరాలి కొడుకు బతికిన కథ అది. పాడె మీద పడి ఉన్న కుర్రవాడిని చూస్తూ చీకటిగా, బరువుగా మొదలవుతుంది. 'చిన్నవాడా, లెమ్ము' అన్న దగ్గర మొత్తం సంగీతం లేచి నిలబడుతుంది. కదలికలు బట్టీపట్టాల్సిన పని లేకుండా, పక్కవాళ్ళ ఊపిరి వింటూ దగ్గర దగ్గరగా నిలబడి పాడే బృందం దాన్ని పాడితే ఎలా ఉంటుందో ఒకసారి వినాలి. ఒకే స్వరవాక్యాన్ని గొంతులు ఒకదాని తర్వాత ఒకటి అందుకునే ఫ్యూగ్ పాడుతూ మెట్లెక్కే కోరస్‌లో నాలుగు గొంతులూ విడివిడిగా వినిపించడం చాలా అరుదు.

పాట పాడే మనిషి అసలు కనిపించనక్కర్లేదనే దాకా వెళ్ళిన ఊరు వెనిస్. 1716లో వివాల్ది 'జుదిత త్రయుంఫాన్స్' రాసింది పియెతా అనాథాశ్రమం ఆడపిల్లల కోసం. ఆ పిల్లలు గుడిలో జాలీల వెనక ఉండి పాడేవాళ్ళు. అస్సూరీయుల సేనాని హొలొఫెర్నెసుతో సహా పాత్రలన్నీ ఆడగొంతులే. మగవేషం లేదు, మనిషే కనిపించడు. కథానాయిక యుదీతు తన దాసిని రమ్మని పిలిచే పాటలో షాలుమో అనే చిన్న వాద్యం గువ్వలా పలుకుతుంది, ఇంకోచోట మాండొలిన్ ఒంటరిగా మోగుతుంది. సేనాని గుడారం, దాసి, రాత్రి, అన్నీ వాద్యాల రంగులతోనే కట్టాడు.

కచేరీ పద్ధతి లేకపోతే ఈ సంగీతంలో సగం మనదాకా వచ్చేదే కాదు. 1754 తర్వాత 1920లో గోటింగెన్‌లో ఓస్కార్ హాగెన్ 'రోదెలిందా' పెట్టేదాకా హాండెల్ ఒపేరా ఒక్కటీ రంగస్థలం ఎక్కలేదు. ఆ 166 ఏళ్ళూ హాండెల్ పేరు నిలబెట్టింది వేషం లేని ఒరటోరియోలే. ఇప్పటికీ అంతే. 1730లో రోములో వచ్చిన, విన్చి అనే స్వరకర్త రాసిన 'అర్తసెర్సే'ను 2012లో మళ్ళీ వెలికితీశారు. రోములో ఆడవాళ్ళు వేదిక ఎక్కకూడదు కాబట్టి ఆడపాత్రలతో సహా అన్నీ మగవాళ్ళవే. ఇప్పుడు ఐదుగురు కౌంటర్‌టెనర్లు, అంటే ఆడగొంతు స్థాయిలో పాడే మగ గాయకులు, కావలసి వచ్చారు. నాన్సీలో రంగస్థలం మీద ఆడారు, ఇంకొన్ని నగరాల్లో కచేరీగా వినిపించారు. పోర్పొరా, హస్సే, వివాల్ది ఒపేరాలు వరసగా వెలుగు చూస్తున్నాయంటే కారణం అదే. ఒక నాటకం కట్టడానికి వారాల తరబడి రిహార్సల్సు, వడ్రంగులు, దర్జీలు కావాలి. కచేరీకి మంచి గాయకులు, బరోక్ వాద్యాలు తెలిసిన బృందం, కొన్ని రోజులు ఉంటే చాలు. ఇంగ్లిష్ కాన్సర్ట్ బృందం హ్యారీ బికెట్ నాయకత్వంలో న్యూయార్క్ కార్నెగీ హాల్లో హాండెల్‌ను ఇలా వినిపిస్తూనే ఉంది. ఆ హాలు నిండుతోంది.

అంత ప్రేమ ఉంది కాబట్టే కచేరీలు పెట్టేవాళ్ళ మీద కోపం కూడా ఉంది. హాలు చీకటి చేస్తారు. ఎందుకు? చూడ్డానికి దృశ్యమే లేనప్పుడు చీకటి ఎవరి కోసం? హాండెల్ శ్రోతలు వెలుతురులో పాటల పుస్తకం చదువుతూ విన్నారు. ఇప్పుడు పాఠం అచ్చు వెయ్యడం తగ్గించి, తెర మీద ఒక్కో పంక్తి చూపిస్తున్నారు. ఆ పంక్తి ఆరియాలో మొదటిసారి వచ్చినప్పుడు కనిపించి మాయమవుతుంది. తిరిగి వచ్చినప్పుడు కనిపించదు. పాఠం చేతిలో ఉంటే శ్రోత ముందుకూ వెనక్కూ చూసుకుంటాడు, రాబోయే మాటకు సిద్ధపడతాడు.

రెండోది, రెసిటటివ్‌లను నరకడం. కచేరీయే కదా, కథ ఎవరికి కావాలి, ఆరియాలు వరసగా పెడితే జనం సంతోషిస్తారనుకుంటారు. అలా చేస్తే నిజంగానే అది పాటల కార్యక్రమం అయిపోతుంది. ఒక సోఫా, ఒక మొబైల్ ఫోను, రెండు వైన్ గ్లాసులు పెట్టి సగం నటించే ప్రదర్శనలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. అవి నాకు రెండింటికీ చెడ్డవిగా కనిపిస్తాయి. గాయకులు స్వరపుస్తకం వదిలి, సాహిత్యం కంఠస్థం చేసి, ఎదుటి పాత్ర వైపు తిరిగి పాడితే చాలు. ఒకరు పాడుతున్నప్పుడు మరొకరు కూర్చుని ఎలా వింటున్నారో చూపించడానికి ఏ సోఫా అక్కర్లేదు.

ఇంకొక్క ఘట్టం చెప్పకుండా ఉండలేను. 'యెఫ్తా'లో న్యాయాధిపతి తన మొక్కు వల్ల కూతుర్నే బలి ఇవ్వాల్సి వచ్చినప్పుడు, ప్రభూ నీ శాసనాలు ఎంత చీకటివి అని కోరస్ పాడుతుంది. అది రాస్తూ 1751 ఫిబ్రవరి 13న హాండెల్ ఆగిపోయాడు. ఎడమ కన్ను చూపు మందగించి ముందుకు సాగలేకపోతున్నానని రాతప్రతిలోనే జర్మన్‌లో రాసుకున్నాడు. తర్వాత పది రోజులకు మళ్ళీ కలం పట్టి ఆ కోరస్ ముగించాడు. చివరి మాటలు మోరెల్ రాసినవి కావు. దేవుడు విధించినదే న్యాయం అన్న పంక్తిని కొట్టేసి, ఏది ఉన్నదో అదే న్యాయం అన్న అలెగ్జాండర్ పోప్ మాటను పెట్టుకున్నాడు. ఆ మాటను కోరస్ మళ్ళీ మళ్ళీ గట్టిగా, నడుమ మౌనాలు వదులుతూ పలుకుతుంది. నమ్మి అంటున్నారా, నమ్మలేక అంటున్నారా? దర్శకుడు ఉంటే దీనికి ఒక జవాబు చూపించక తప్పదు. కచేరీలో ఆ ప్రశ్న మన ఒళ్ళోనే ఉంటుంది. ఇంటికెళ్ళే దారిలో నేను దాని గురించి స్నేహితులతో చాలాసార్లు వాదించాను, ఇప్పటికీ ఒక నిర్ణయానికి రాలేదు.

కొత్తగా వినదలుచుకున్నవాళ్ళు 'సౌలు'తో మొదలుపెట్టండి. ముందురోజు మొదటి సమూయేలు 17వ అధ్యాయం నుంచి రెండో సమూయేలు మొదటి అధ్యాయం దాకా తెలుగు బైబిల్లో చదువుకుని వెళ్ళండి. మొదటి అంకంలో గంటల చప్పుడు వినిపిస్తుంది. హాండెల్ ప్రత్యేకంగా తెప్పించిన కారిలాన్ అది. సౌలు వేలకొలది, దావీదు పదివేలకొలది అని ఆడవాళ్ళు పాడుతుంటే ఆ గంటలే రాజు మతి చెడగొడతాయి. మూడో అంకంలో ఏన్దోరు మంత్రగత్తె సమూయేలు ఆత్మను పిలిచినప్పుడు బసూన్ల మీద చెవి పెట్టండి. హాలు మధ్య వరసల్లో సీటు తీసుకుంటే థియోర్బో కూడా బాగా వినిపిస్తుంది. ఆ తర్వాత 'జూలియస్ సీజర్'. 'థియొడోరా'కు మాత్రం తొందరపడకండి. తిరిగి వచ్చే భాగాల్లో తేడాలు వినడం చెవికి అలవాటయ్యాక వెళ్ళండి.